లాయర్‌కిచ్చిన డబ్బు ఆదాయమెలా అవుతుంది?

డిసెబిలిటీ పెన్షన్ మీద పన్నే లేదు, ఆ పెన్షన్ తెచ్చుకోవడానికి పెట్టిన లాయర్ ఫీజుకి పన్నులో డిడక్షన్ అడగడమంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఢిల్లీ లక్ష్మీనగర్‌లో ఏ సీఏ ఆఫీసుకెళ్లినా ఇదే మాట. నోయిడా అరుణ్ విహార్‌లో రిటైరైన ఆఫీసర్ల మధ్య ఇదే మాట. ఆర్.కె.పురంలో సాయుధ దళాల ట్రిబ్యునల్ ప్రిన్సిపల్ బెంచ్‌కి కాగితాలు మోసుకొచ్చిన మన శ్రీకాకుళం, ప్రకాశం జిల్లాల మాజీ జవాన్లు కూడా దీన్నే ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు.

ఈ వాదాన్ని బలహీనంగా చెప్పి కొట్టేయడం న్యాయం కాదు. దాని పూర్తి రూపం ఇది. పన్ను లేని ఆదాయం కోసం పెట్టిన ఖర్చును పన్ను పడే ఆదాయంలోంచి తీసేయకూడదన్నది 14ఏ సెక్షన్ సూత్రం. ఒకవేళ పన్ను పడినా, పెన్షన్ అంటే చట్టం దృష్టిలో జీతమే, జీతానికి స్టాండర్డ్ డిడక్షన్ ఉండనే ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకు 80యూ ఉంది. కోర్టుకెళ్లడం సొంత నిర్ణయం, పైగా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. వీటన్నిటి మీదా ఇంకో డిడక్షన్ ఇస్తే దొంగ రసీదులకు తలుపు తీసినట్టే.

మొదటి సూత్రంతో నాకు పేచీ లేదు. పూర్తిగా పన్ను లేని డబ్బుకి డిడక్షన్ అక్కర్లేదు. పేచీ అంతా, ఆ సూత్రాన్ని అది వర్తించని మనుషుల మీద రుద్దడంతో.

1. పన్ను లేనిది ఎవరికి?

1922 మార్చి 21 నాటి నోటిఫికేషన్‌తో గాయపడిన సైనికుల పెన్షన్‌కు పన్ను తప్పింది. 2001 జూలై 2న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) ఇచ్చిన ఆదేశం సర్వీస్ ఎలిమెంట్, డిసెబిలిటీ ఎలిమెంట్ రెండింటికీ పన్ను లేదని విడమరిచి చెప్పింది. మన సీఏలు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. 2019 జూన్ 24న అదే సీబీడీటీ 13వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యంతో మధ్యలోనే ఇంటికి పంపేసినవాళ్లకే ఈ వెసులుబాటు, సర్వీసు పూర్తి చేసుకుని రిటైరైనవాళ్లకు లేదు అన్నది. గొడవ సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ ఆగస్టులో కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌తో వచ్చిన ఫైనాన్స్ బిల్లు అదే గీతను నేరుగా చట్టంలోకి ఎక్కించే ప్రతిపాదన చేసింది. అంటే ఏడేళ్లుగా ప్రభుత్వం మొగ్గు ఎటో దాచుకోలేదు.

ఇప్పుడు గీతకు ఇటూ అటూ ఎవరున్నారో చూడండి. కాలు పోయో, వెన్ను విరిగో మెడికల్ బోర్డు మీద మధ్యలోనే బయటికొచ్చినవాడికి పెన్షన్ ఇవ్వడంలో రక్షణ శాఖ సాధారణంగా అంతగా పేచీ పెట్టదు (పెట్టిన కేసులూ ఉన్నాయి, కాదనను). ఇరవై ఏళ్లో ఇరవై నాలుగేళ్లో పూర్తి చేసి దిగేవాడి సంగతి వేరు. దిగేముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. బీపీ ఉంది, మధుమేహం ఉంది, నడుం జారింది, చెవి పోయింది, అన్నీ నమోదవుతాయి. శాతం కూడా వేస్తారు. ఆ పక్క గడిలో సర్వీసు వల్ల వచ్చిందా అంటే కాదు, సర్వీసు వల్ల ముదిరిందా అంటే కాదు. ఫైళ్ల భాషలో దీన్ని పొట్టిగా ‘నానా’ (నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్) అంటారు. కారణం రాసే చోట తరచూ కనిపించే ముక్క ‘ఆన్‌సెట్ ఇన్ పీస్ స్టేషన్’. జబ్బు సియాచిన్‌లో కాకుండా ఢిల్లీ కంటోన్మెంట్‌లో బయటపడింది గనక మాకు సంబంధం లేదని దానర్థం. పదేళ్లు హద్దుల మీద తిరిగి వచ్చిన మనిషికి పదకొండో ఏట బీపీ చూస్తే, అది ఎక్కడ చూశామో అక్కడే పుట్టిందట!

ఈ తీరు చెల్లదని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులోనే తేల్చింది. చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లనే అనుకోవాలి, కాదని రుజువు చేసే బాధ్యత శాఖది. 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో, వైకల్యం శాతాన్ని పైకి సవరించే ప్రయోజనం సర్వీసు పూర్తి చేసుకున్నవాళ్లకూ ఇవ్వాల్సిందేనంది. 2015లో మనోహర్ పారికర్ రక్షణమంత్రిగా ఉండగా వేసిన నిపుణుల కమిటీ, ఇలాంటి కేసుల్లో సొంత సిపాయిల మీద అప్పీళ్లు ఆపమంది. అయినా కేసులు ఆగలేదు. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు కేంద్రం దాఖలు చేసిన ఇలాంటి పిటిషన్లను వందల సంఖ్యలో ఒకే తీర్పుతో కొట్టేసింది. ట్రిబ్యునల్లో గెలిచిన మనిషిని మళ్లీ హైకోర్టుదాకా లాగిన కేసులవి. అంటే రెండో లాయర్, రెండో ఫీజు.

సర్క్యులర్ ఎవరికి పన్ను వేయమంటోందో, శాఖ ఎవర్ని కోర్టుకి తోస్తోందో పక్కపక్కన పెడితే చాలావరకు ఒకే మనుషులు తేలతారు. సర్క్యులర్ ప్రకారం, లాయర్ అవసరం తక్కువ ఉన్నవాడికి పన్ను లేదు. లాయర్ లేకుండా పైసా రానివాడికి పన్ను ఉంది. ‘పన్నే లేదుగా’ అనే సమాధానం మొదటివాణ్ని చూపించి రెండోవాడి నోరు మూయించడమే.

సైన్యం దాటి వస్తే ఆ సమాధానానికి చోటు ఇంకా తక్కువ. 2001 ఆదేశం సైనిక బలాల పేరుతో వచ్చింది. సీఆర్‌పీఎఫ్ జవానుకి సాయుధ దళాల ట్రిబ్యునల్ గుమ్మమే లేదు. అతను హైకోర్టుకెళ్లాలి, అక్కడి ఫీజులు అక్కడివి. డ్యూటీలో ప్రమాదం జరిగి ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ రూల్స్ కింద డిసెబిలిటీ పెన్షన్ కోరే కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగి కోపర్నికస్ మార్గ్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) చుట్టూ తిరగాలి. ఆ పెన్షన్ మామూలు పెన్షన్‌లాగే జీతం పద్దులో పన్నుకి వస్తుంది. ఇక పెన్షన్‌కు పన్ను లేకపోయినా, ఆలస్యానికి కోర్టు వేయించిన వడ్డీ ‘ఇతర ఆదాయం’ కిందికి పోతుంది. ఆ వడ్డీలోంచి ఫీజు తీసేద్దామంటే, ఫీజు పెన్షన్ కోసం కట్టావు గానీ వడ్డీ కోసం కాదు కదా అని అసెసింగ్ ఆఫీసర్ అడ్డం తిరగొచ్చు.

2. స్టాండర్డ్ డిడక్షన్‌లో అన్నీ వచ్చేస్తాయా?

రిటర్ను ఫారం తెరిచి జీతం షెడ్యూల్లో 16వ సెక్షన్ కింద ఏముందో చూడండి. పాత పన్ను విధానంలో మూడే గళ్లు. ఒకటి స్టాండర్డ్ డిడక్షన్. రెండు, ప్రభుత్వోద్యోగుల ఎంటర్‌టైన్‌మెంట్ అలవెన్స్. మూడు, వృత్తి పన్ను. అతిథులకు టీ బిస్కెట్లు పెట్టించే అలవెన్సుకి ఈ రోజుకీ ఒక గడి ఉంది. ప్రభుత్వమే ఎగ్గొట్టిన పెన్షన్ రాబట్టుకోవడానికి చేసిన ఖర్చు రాసుకునే గడి లేదు. కొత్త విధానంలో ఆ మూడింట్లో స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే మిగిలింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. అందరి నోటా ఇంకా పాతవే ఉన్నాయి గనక నేనూ అవే రాస్తున్నాను. నంబర్లు మారినా ఖాళీ ఖాళీగానే ఉంది.

స్టాండర్డ్ డిడక్షన్ పాతలో 50 వేలు, కొత్తలో 75 వేలు. అది పెన్షన్ తీసుకునే ప్రతివాడికీ వస్తుంది, కోర్టు ముఖం చూడనివాడికి కూడా. అందరికీ సమానంగా ఇచ్చినదాన్ని ఒక్కడికే పడిన ఖర్చుకి పరిహారమని చెప్పడం లెక్కా కాదు, తర్కమూ కాదు.

లెక్కంటే ఇలా ఉంటుంది. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న ఒక రిటైర్డ్ ఆఫీసర్‌ని ఊహించుకుందాం. ఆయనకు పన్ను పడే డిసెబిలిటీ బకాయిలు 5 లక్షలు వచ్చాయి. ట్రిబ్యునల్లోనూ, తర్వాత హైకోర్టులోనూ కలిపి లాయర్లకు లక్షన్నర పోయింది. సెస్సుతో 31.2 శాతం చొప్పున 5 లక్షల మీద పన్ను లక్షా 56 వేలు. చేతిలో మిగిలింది లక్షా 94 వేలు. ఆయన నిజంగా సంపాదించింది మూడున్నర లక్షలే కాబట్టి దాని మీద పడ్డ పన్ను దాదాపు 45 శాతం. చట్టంలో ఆ రేటు శ్లాబు ఎక్కడా లేదు, ఆయనకు మాత్రం ఉంది. ఫీజును తీసేసి లెక్క కడితే పన్ను లక్షా 9,200. తేడా 46,800 రూపాయలు.

బకాయిలకు 89వ సెక్షన్ ఊరట ఉందిగా అంటారు. ఉంది. 10ఈ ఫారం నింపితే బకాయిల్ని అవి చెందాల్సిన పాత సంవత్సరాలకు పంచి చూస్తారు. ఆ సంవత్సరాల్లోనూ మనిషి అదే శ్లాబులో ఉంటే ఒరిగేది శూన్యం. 89 కాలాన్ని సర్దుతుంది, ఖర్చును ముట్టుకోదు. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను కట్టక్కర్లేదు గనక హవల్దార్ స్థాయివాళ్లకు ఈ బాధే లేదన్నది ఇంకో మాట. చాలామంది విషయంలో అది నిజమే. కానీ రిటైరయ్యాక బ్యాంకులోనో కంపెనీలోనో రెండో ఉద్యోగం చేస్తున్నవాడికి మూడేళ్ల బకాయిలు ఒకే ఏడాది పడితే 12 లక్షల గీత దాటడం వింతేమీ కాదు. ఆ మూడేళ్లు కూడా ఎందుకంటే, 2008 నాటి తార్సేమ్ సింగ్ తీర్పు నుంచి కోర్టుకి ఆలస్యంగా వచ్చినవాడికి సాధారణంగా మూడేళ్ల బకాయిలే ఇస్తూ వచ్చారు. పదేళ్ల కిందట దిగినవాడు ఏడేళ్లవి అక్కడే వదులుకోవాల్సి వచ్చేది. వదులుకున్నదానికి లెక్క లేదు, మిగిలినదాని మీద పూర్తి పన్ను.

3. ‘సొంత ఖర్చు’ అనే ముద్ర

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే వాదం ఇది. కోర్టు ఖర్చు సొంత ఖర్చట, కూతురి పెళ్లి ఖర్చులాగా.

కరోల్‌బాగ్‌లో బట్టల వ్యాపారి తనకు బాకీ ఉన్నవాడి మీద దావా వేస్తే ఆ ఫీజు 37(1) కింద వ్యాపార ఖర్చు. పన్ను శాఖ మీదే అప్పీలుకెళ్లినా అది వ్యాపార ఖర్చుగా చూపుకోగలడు. గ్రేటర్ నోయిడా దగ్గర భూమి పోయిన రైతుకో, ఆ భూమి ముందే కొనిపెట్టుకున్న మారుబేరగాడికో పెంచిన పరిహారం మీద వడ్డీ వస్తే, 57(iv) కింద సగానికి సగం డిడక్షన్. రసీదు అడిగేవాడు లేడు, లాయర్‌కి ఎంతిచ్చావన్న ప్రశ్న లేదు. 2010-11 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఇది చట్టంలో ఉంది. రావలసిన డబ్బు కోర్టు ద్వారా తెచ్చుకునేవాడికి కొంత ఖర్చవుతుందని, వచ్చిందంతా లాభం కాదని పార్లమెంటుకి బాగానే తెలుసన్నమాట. ఆ తెలివిడి దుకాణందారు దగ్గర, భూమి యజమాని దగ్గర పనిచేసి, వీల్‌చైర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మొద్దుబారుతుంది?

పెన్షనర్ కోర్టులో తెలివిగా వాదించి బయటపడదామన్నా దారి లేదు. ఫీజుగా పోయిన భాగం నా చేతికి రాకముందే లాయర్‌ది అయిపోయింది, అది నా ఆదాయమే కాదు అనాలంటే, ఆదాయం పుట్టిన చోటే పక్కకు మళ్లినట్టు చూపాలి. అరవై ఏళ్లు దాటిన సీతల్‌దాస్ తీరథ్‌దాస్ తీర్పు ఆ కొలత పెట్టింది. చేతికొచ్చాక ఇచ్చేది ఆదాయాన్ని వాడుకోవడమే, మళ్లడం కాదు. పోనీ గెలిస్తే అందులో ఇంత వాటా అని లాయర్‌తో ముందే ఒప్పందం చేసుకుందామంటే బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. కాబట్టి గెలుస్తాడో లేదో తెలియకముందే జేబులోంచి తీయాలి. ఫీజు 2021లో కడతాడు, బకాయి 2025లో పడుతుంది. నాలుగేళ్లు ప్రభుత్వం తన దగ్గర ఉంచుకున్న డబ్బు కోసం ఇతను అప్పు తెచ్చి ఖర్చు పెడతాడు. చివరికి ఆ డబ్బు వచ్చిన నాడు పన్ను శాఖకి అందులో ఖర్చేమీ కనబడదు.

ఎదుటి పక్షం లాయర్ ఫీజు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చెప్పుకోవాలి. ఖజానా నుంచి. ఆ ఖజానాలో ఈ సిపాయి కట్టిన పన్నూ ఉంది. తన మీద వాదించినవాడి ఫీజులో వాటా తనదే, తన తరఫున వాదించినవాడి ఫీజు పూర్తిగా తనదే. ఓడిన ప్రభుత్వం ఖర్చులు చెల్లించాలని కోర్టులు ఆదేశించడం అరుదు, ఆదేశించినా అసలు ఖర్చులో ఏ మూలకూ రాదు. ఇంత జరిగాక కూడా దీన్ని ‘సొంత ఖర్చు’ అనేవాళ్లు, ఆ వివాదం ఎవరు మొదలుపెట్టారో ఒక్కసారైనా చెప్పాలి. ఉద్యోగి సరదాపడి కోర్టుకెళ్లలేదు. ‘కాదు’ అని గడిలో రాసింది బోర్డు.

4. ఉచిత న్యాయం, 80యూ

ఈ రెంటి గురించి ఎక్కువ రాయక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ వైకల్యం ఉన్నవాళ్లకు ఉచిత లాయర్‌ని ఇస్తుంది, మంచిదే. సైనిక కుటుంబాల కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది, అదీ మంచిదే. కానీ ప్రభుత్వాసుపత్రి ఉందని ప్రైవేటులో చూపించుకున్నవాడి వైద్య ఖర్చును చట్టం గుర్తించకుండా ఊరుకుందా? పైగా అటు అడిషనల్ సొలిసిటర్ జనరల్ నిలబడే కేసులో ఇటు నువ్వు ఉచిత లాయర్‌తో సరిపెట్టుకోమని చెప్పే హక్కు పన్ను శాఖకి లేదు.

80యూ కింద వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 75 వేలు; 80 శాతం, ఆపైన ఉంటే లక్షా 25 వేలు. డిసెబిలిటీ పెన్షన్‌కి 20 శాతం చాలు. 30 శాతం బీపీతో ట్రిబ్యునల్లో గెలిచినవాడు 80యూ గుమ్మం దాకా కూడా రాడు. దాటగలిగినవాడికి ఆ మొత్తం మందులకు, కర్రకు, ఆటోకి, బతుకులో రోజూ అదనంగా పడే భారానికి. అందులోంచి లాయర్‌కి కట్టుకో అనడం కొత్త రకం దయ. ఇంకా, కొత్త విధానంలో 80యూ లేనే లేదు. ప్రభుత్వం జనాన్నంతా ఏ విధానంలోకి తోలుతోందో అందులో లేనిదాన్ని చూపించి, మీకు ఇచ్చేశాం కదా అంటున్నారు.

5. దుర్వినియోగం జరుగుతుందనే భయం

డిడక్షన్ ఇస్తే బీపీ ఉన్న ప్రతి ఆఫీసరూ కోర్టుకెక్కుతాడట. డిడక్షన్ వల్ల రూపాయి ఫీజులో వెనక్కి వచ్చేది, పై శ్లాబులో కూడా, 31 పైసలు. మిగతా 69 పైసలు పోగొట్టుకోవడానికి ఎవడూ వకాలత్ మీద సంతకం చేయడు. దొంగ రసీదుల సంగతికొస్తే, గెలిచిన తీర్పు కాపీ, బ్యాంకు ద్వారా చెల్లింపు, లాయర్ పాన్ నంబరు అడిగితే సరిపోతుంది. ఇలాంటి రుజువులు అడిగే పద్ధతి ఇంటి అద్దె భత్యం మినహాయింపులో ఉన్నదే. ఓడినవాడికి పన్ను పడే ఆదాయం రాదు గనక డిడక్షన్ ప్రశ్నే రాదు.

అమెరికాలోనే ఇది లేదని కొందరు చెబుతారు. నిజం. అక్కడ 2017 చట్టం ఈ రకం ఖర్చుల డిడక్షన్‌ని కొట్టేసింది. చెప్పనిది ఏమిటంటే, సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ కేసుల్లో మామూలు ఒప్పందం కింద లాయర్ ఫీజు బకాయిల్లో 25 శాతమో, ముందే ఖరారు చేసిన గరిష్ఠ మొత్తమో, ఏది తక్కువైతే అంతే. అదీ గెలిస్తేనే. పైగా ఆ భత్యంలో 85 శాతానికి మించి పన్నుకి రాదు. పన్నులో చూపని దయను వాళ్లు ఫీజు దగ్గర కొంత చూపించారు. మనం రెండు చోట్లా చేతులెత్తేశాం. కెనడా చట్టం ఇంకా సూటిగా ఉంది. జీతం లేదా పెన్షన్ హక్కు రాబట్టుకోవడానికి పెట్టిన న్యాయ ఖర్చును తీసేసుకోనిస్తుంది. పెన్షన్ విషయంలో వచ్చిన మొత్తాన్ని మించకుండా పరిమితి పెట్టి, ఆ ఏడాది సరిపోక మిగిలిన ఖర్చును ఏడేళ్లదాకా ముందుకు మోసుకెళ్లనిస్తుంది. ఫీజు ఒక ఏడాదీ బకాయి ఇంకో ఏడాదీ అయ్యే మన కేసులకు కొలిచి కుట్టినట్టుంటుంది ఆ ఏర్పాటు. అక్కడ ఖజానా ఏమీ కూలిపోలేదు.

కాబట్టి కావలసింది ఒక క్లాజు. ప్రభుత్వం, యాజమాన్యం లేదా బీమా సంస్థ నిరాకరించిన డిసెబిలిటీ ప్రయోజనాన్ని కోర్టు లేదా ట్రిబ్యునల్ ఉత్తర్వుతో పొందినప్పుడు, పన్ను పడే భాగంలోంచి, వడ్డీతో సహా, దానికైన న్యాయ ఖర్చును తీసేయాలి. ఖర్చు ఏ ఏడాది పెట్టినా, డబ్బు వచ్చిన ఏడాది తీసుకునే వీలుండాలి. పాత విధానంలోనూ కొత్త విధానంలోనూ ఇది వర్తించాలి. కొత్త విధానంలో ఇవ్వకపోతే ఇవ్వనట్టే లెక్క.

దీనికి చివరి అస్త్రంగా ఒక బెదిరింపు వినిపిస్తుంది. వీళ్లకు ఇస్తే రేపు నోయిడా ఫ్యాక్టరీలో తీసేసిన కార్మికుడు బకాయి వేతనాల కేసుకి అడుగుతాడు, గురుగ్రామ్ కంపెనీలో జీతం ఎగ్గొట్టించుకున్న ఇంజనీరు అడుగుతాడు, ఫ్యామిలీ పెన్షన్ కోసం క్యాట్‌కెళ్లిన వితంతువు అడుగుతుంది అంటారు. అడగాలి. వాళ్లందరికీ ఇవ్వాలి. తన జీతం తాను రాబట్టుకున్నవాడికి అయిన ఖర్చు ఖర్చు కాదని, బట్టల బాకీ రాబట్టుకున్నవాడిది మాత్రమే ఖర్చని చట్టంలో ఇన్నాళ్లూ ఎందుకు ఉందో ఆర్థిక శాఖ బడ్జెట్ ప్రసంగంలో నిలబడి చెప్పమనండి. అప్పటిదాకా ‘పన్నే లేదుగా’ అనే మాట చెప్పే సీఏలు, ఎదురుగా కూర్చున్న మనిషి మెడికల్ బోర్డు మీద వచ్చాడో, సర్వీసు పూర్తి చేసి వచ్చాడో ముందు అడగాలి.